ఎవరితో పంపిస్తున్నాం?

జూన్ మొదటి వారంలో గండిమైసమ్మ చౌరస్తాలో కాసేపు నిలబడితే హాస్టళ్లకు బయల్దేరిన పిల్లలు కనిపిస్తారు. ట్రంకుపెట్టె, బకెట్టు, అందులో మగ్గు, తాడుతో కట్టిన దుప్పటి. పక్కన తల్లో తండ్రో ఉంటారు. ఒక్కోసారి వాళ్లిద్దరూ కాక "మా ఊరాయనే" అని చెప్పే ఇంకెవరో ఉంటారు. బహదూర్‌పల్లి, సూరారం, మైసమ్మగూడ, కొంపల్లి చుట్టూ ఇన్ని బడులు, కాలేజీలు ఉన్నప్పుడు పిల్లలు వస్తూ పోతూ ఉండటం మామూలే. పిల్లల్ని ఇంకొకరి చేతికి అప్పజెప్పి చదివించుకోవడం మనకు తాతల నాటి అలవాటు. మేనమామ ఇంట్లో తిని పదో తరగతి గట్టెక్కినవాళ్లు మనలో ఎంతమంది లేరు! కాబట్టి పంపొద్దని చెప్పను. పంపేముందు ఎవరితో, ఎక్కడికి, ఎవరి మాట మీద అన్నది ఇంకొంచెం నిదానంగా చూసుకోమని మాత్రం చెప్పాలనుంది.

అమ్ముడుపోయి, పనికి కుదిరి, ఒళ్లు హూనమై బయటపడ్డ పిల్లల్ని సాకే ఇళ్లలో పనిచేసేవాళ్లను అడిగితే ఒక మాట చెబుతారు. వాళ్ల దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎత్తుకుపోబడినవాళ్లు తక్కువ. ఎవరో ఒకరు నమ్మి పంపినవాళ్లే ఎక్కువ.

మన భయం మాత్రం ఎప్పుడూ ఎత్తుకుపోయేవాడి మీదే. 2018 మే నెల గుర్తు చేసుకోండి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు తిరిగాయి. చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను, బీబీనగర్ మండలంలో చుట్టాల ఇంటికి వచ్చిన ఒక మనిషిని జనం కొట్టి చంపారు. ఏ పిల్లల జోలికీ పోని మనుషులు వాళ్లు. రెండు మూడు నెలలు తిరిగాయో లేదో, బీబీనగర్ ఉన్న ఆ యాదాద్రి భువనగిరి జిల్లాలోనే, యాదగిరిగుట్టలో రాచకొండ పోలీసులు వ్యభిచార గృహాల నుంచి చిన్నచిన్న ఆడపిల్లల్ని బయటికి తెచ్చారు. తొందరగా ఎదగాలని వాళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లు పొడిచారని అప్పుడే తెలిసింది. జనం కర్రలు పట్టుకుని రోడ్ల మీద దొంగ కోసం వెతుకుతున్న రోజుల్లో ఆ పిల్లలు ఊరి మధ్యలో, మామూలు ఇళ్లలో ఉన్నారు. ఒక పాపను కొడుతుంటే చూసి ఊరుకోలేక ఎవరో చెప్పబట్టి ఆ కేసు కదిలింది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే, 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే విమానంలో ఏడుస్తున్న ఒక చిన్నపిల్లను ఎయిర్‌హోస్టెస్ గమనించి పలకరించింది. పక్కన కూర్చున్న ముసలి అరబ్బు తన భర్తని ఆ పిల్ల చెప్పింది. పెళ్లి చేసి పంపింది కన్నవాళ్లే. 2015 జనవరిలో పాతబస్తీలోని గాజుల కార్ఖానాల్లో రెండొందలకు పైగా పిల్లలు దొరికారు. బిహార్‌లోని వాళ్ల తల్లిదండ్రులకు కొన్ని వేల రూపాయలు అడ్వాన్సు ముట్టింది. పని నేర్పుతామన్నారు, కడుపు నిండా పెడతామన్నారు. పిల్లలు గాలి ఆడని గదుల్లో లక్క కరిగిస్తూ ఉండిపోయారు. అనంతపురం వైపు కదిరి ప్రాంతం నుంచి భీవండి, పుణె, ఢిల్లీ చేరిన అమ్మాయిల కథలూ ఇంతే. పని ఇప్పిస్తానన్న మనిషి ముఖపరిచయం ఉన్న మనిషే.

దేవుడి పేరు మీద పంపడం కూడా మన దగ్గర ఉండేది. ఆడపిల్లను జోగినిగా వదిలే ఆచారాన్ని మాన్పించడానికి గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం నిజామాబాద్ జిల్లా పల్లెల్లో ఎంత తిరిగారో ఆ తరం వాళ్లకు తెలుసు. వర్నిలో ఆమె నడిపిన ఇంటి పేరు చెల్లి నిలయం. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది.

తల్లిదండ్రుల్ని నిందించడానికి ఇదంతా తవ్వడం లేదు. తిరునెల్వేలి జిల్లా దోనావూరులో ఏమీ కార్మైకేల్ అనే ఐర్లండ్ మిషనరీ మొదలుపెట్టిన పరిచర్యకు మూలం ఏమిటో చూడండి. గుడి దాసీల ఇంటికి అప్పజెప్పిన ఏడేళ్ల పిల్ల ఒకర్తె తప్పించుకుని, 20 మైళ్లు నడిచి తూత్తుకుడిలో తల్లి దగ్గరికి చేరింది. వెనకాలే వాళ్లు వచ్చారు. దేవుడి ఆగ్రహానికి జడిసి తల్లి మళ్లీ బిడ్డను వాళ్ల చేతుల్లోనే పెట్టింది. పారిపోయినందుకు ఆ పసి చేతుల మీద వాతలు పెట్టారు. 1901లో ఆ పిల్ల రెండోసారి పారిపోయి ఈ విదేశీ మహిళ గడప తొక్కింది. ఆ తల్లికి ప్రేమ లేదని ఎవరనగలరు? భయం ఉంది. భయాన్ని మించి అడిగే ధైర్యాన్ని ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఏమీ కార్మైకేల్ 1951లో పోయేదాకా దోనావూరులోనే ఉంది. అక్కడి పిల్లలు ఆమెను అమ్మా అనే పిలిచారు.

మన ఊళ్లలోనూ ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. 1996లో హైదరాబాద్‌లోని మెహబూబ్ కీ మెహందీ అనే వ్యభిచార వాడను ఖాళీ చేయించినప్పుడు మాంట్‌ఫోర్ట్ సభకు చెందిన బ్రదర్ జోస్ వెట్టికాటిల్, సునీతా కృష్ణన్ కలిసి ప్రజ్వలను మొదలుపెట్టారు. అది క్రైస్తవ సంస్థ కాదు గానీ, ఒక కాథలిక్ సన్యాసి చెయ్యి దాని పునాదిలో ఉంది. వాళ్లు తొలుత పెట్టింది బడి. తల్లులు పడిన గోతిలో పిల్లలు పడకూడదన్నది ఆలోచన. విజయవాడ రైల్వే ప్లాట్‌ఫాంల మీద తిరిగే పిల్లల కోసం సలేషియన్ ఫాదర్లు నవజీవన్ బాలభవన్‌ను 1989లో మొదలుపెట్టారు.

ఇలాంటి పిల్లలు ఉండే ఇళ్లకు చాలాసార్లు బోర్డు ఉండదు. చిరునామా బయటపడితే పిల్లల్ని అమ్ముకున్నవాళ్లే వెతుక్కుంటూ వస్తారు. మరి బోర్డు లేని ఇంటిని నమ్మడమెలా? ఇక్కడే బహదూర్‌పల్లి పక్కన సైట్ల దగ్గర రేకుల షెడ్లలో ఉంటూ, పిల్లల్ని ఎక్కడైనా పెట్టి చదివించాలని ఆరాటపడే అమ్మానాన్నలు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. సరైన హోము మీ చేతుల్లోంచి బిడ్డను నేరుగా తీసుకోదు. జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు నిలబెట్టి, వాళ్ల ఉత్తర్వు మీద చేర్చుకుంటుంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద ఆ హోముకు రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. "అంత తతంగం ఎందుకమ్మా, రేపే తీసుకొచ్చెయ్యండి" అన్నవాళ్లు ఎంత మంచివాళ్లయినా ఆగండి. చదువు కోసం పెట్టే హాస్టల్ సంగతి వేరు, దానికి ఈ కమిటీ అక్కర్లేదు. అయితే అడగాల్సినవి అక్కడా ఉన్నాయి.

"పాస్టరుగారు చెప్పిండు, మంచోళ్లే అంట" అని చాలామంది పంపేస్తారు. పాస్టరుగారు మంచివారే కావచ్చు. ఆయన ఆ ఇల్లు చూశారా? ఎన్నిసార్లు చూశారు? దేవుడి పేరు వినగానే మనకు ప్రశ్నలు గొంతులోనే ఆగిపోతాయి. నేను విశ్వాసుల మధ్య తిరిగే మనిషిని కాబట్టి చనువుగా చెబుతున్నా, ఆపుకోవద్దు. 1999లో, మళ్లీ 2001లో లంబాడా తండాల పసికందులను కొని విదేశీ దత్తతలకు పంపిన వ్యవహారం బయటపడ్డప్పుడు అందులో చిక్కుకున్న అనాథాశ్రమాల్లో కొన్నింటికి భక్తి పేర్లే ఉన్నాయి. డబ్బు లేకుండా చదివిస్తామంటున్నారు, సంతోషం. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? నెలకోసారి వచ్చి చూడొచ్చా? ఫోన్‌లో బిడ్డ మాట్లాడేటప్పుడు పక్కన ఎవరైనా నిలబడతారా? రాత్రిపూట ఆడపిల్లల గదుల దగ్గర ఎవరు పడుకుంటారు? క్రిస్మస్‌కో బతుకమ్మకో ఇంటికి పంపుతారా? మంచి సంస్థకు ఈ ప్రశ్నలు అలవాటే, విసుక్కోదు.

ముందు ప్రభుత్వం వైపు కూడా చూడండి. ఐదో తరగతిలో చేరడానికి గురుకుల ప్రవేశ పరీక్ష ఉంది. బడి మానేసిన ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. ఫీజు లేదు, తిండీ బట్టా వాళ్లదే. దరఖాస్తు పెట్టడం రాకపోతే దగ్గర్లోని ప్రభుత్వ బడి హెడ్మాస్టరును అడగండి. అడిగితే చిన్నతనం ఏమీ కాదు.

పంపక తప్పనప్పుడు అసలు ఆధార్ కార్డు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. తీసుకెళ్లే మనిషి ఫోటో, బండి నంబరు, చేరే చోటి పూర్తి చిరునామా మీ దగ్గర ఉండాలి. బిడ్డకు రెండు ఫోన్ నంబర్లు నోటికి రావాలి. ఫోన్‌లో సేవ్ చేసినవి పనికిరావు, అందరికన్నా ముందు లాక్కునేది ఆ ఫోనే. మూడో నంబరుగా పిల్లల హెల్ప్‌లైన్ 1098 నేర్పండి. పిల్లలే స్వయంగా చేయొచ్చు, డబ్బు పడదు.

ఇప్పుడు గేటు లోపలి విల్లాలు, అపార్టుమెంట్లలో ఉండే అమ్మలతో ఒక మాట. టెక్ మహీంద్రా క్యాంపస్ చుట్టూ ఇళ్లు లేచాక పనివాళ్ల కోసం వెతుకులాట బాగా పెరిగింది. "మా అత్తగారి ఊరి నుంచి ఒక పిల్లను తెచ్చుకున్నాం, బాబును ఆడిస్తుంది, మా పిల్లలాగే చూసుకుంటున్నాం" అనే మాట విన్నప్పుడు ఎవరూ నేరుగా ఏమీ అనరు. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఇంటిపనిలో పెట్టుకోవడాన్ని 2006లోనే నిషేధించారు. 2016 సవరణతో ఆ వయసులో ఏ పనీ కూడదు, సొంత ఇంటివాళ్లకు బడి వేళలు కాకుండా సాయం చేయడం వంటి కొద్ది మినహాయింపులు తప్ప. చట్టం పక్కన పెట్టినా, మీ బాబు ఆ అమ్మాయిని చూసి ఏం నేర్చుకుంటున్నాడో ఆలోచించండి. తన ఈడు పిల్ల తను తిన్న పళ్లెం కడగడం సహజమేనని నేర్చుకుంటున్నాడు. నిజంగా సాయం చేయాలనుంటే ఆ పిల్ల ఊళ్లోనే చదువుకోవడానికి నెలనెలా కొంత పంపండి. పై ఫ్లాటులో చిన్న పనిపిల్ల కనిపిస్తే, ఏడుపు వినిపిస్తే, 1098కి చేయండి. పేరు చెప్పనక్కర్లేదు. పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో ఇటుక బట్టీలు, కార్ఖానాలు గాలిస్తారు. ఫ్లాట్ల తలుపులు మాత్రం ఇరుగుపొరుగు చెబితేనే తెరుచుకుంటాయి.

బయటికి పంపని పిల్లల సంగతి కూడా ఉంది. మన గదిలోనే, మన వైఫై మీదే ఎవరితోనో మాట్లాడే పిల్లలు వీళ్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన "అన్న" మొదట పొగుడుతాడు, తర్వాత రీచార్జ్ చేస్తాడు, ఆ తర్వాత ఒక ఫోటో అడుగుతాడు. ఆ ఫోటో చూపించి బెదిరిస్తాడు. ఈ వరసలో పిల్ల మన దగ్గరికి పరుగెత్తుకు రావాల్సిన క్షణం ఒకటి వస్తుంది. ఆ క్షణాన తనకు మన ముఖం ఎలా గుర్తొస్తుందన్న దాని మీదే అంతా ఉంది. నాన్న ఫోన్ పగలగొడతాడనో, చదువు మాన్పిస్తారనో అనిపిస్తే రాదు, బెదిరించేవాడి మాటే వింటుంది. అందుకని ఏ గొడవా లేని రోజున, అన్నం తింటూనో బండి మీద వెళ్తూనో, మామూలు గొంతుతో చెప్పి ఉంచండి: ఎంత పెద్ద తప్పు జరిగినా ముందు నాకు చెప్పు, ఆ రోజు తిట్టను. చెప్పినప్పుడు నిజంగానే తిట్టకండి. చిన్న విషయాల్లో ఆ మాట నిలబెట్టుకుంటేనే పెద్ద విషయం మీ దాకా వస్తుంది. గాజు గ్లాసు పగిలిన రోజున కేకలు వేసే ఇంట్లో ఫోటో సంగతి ఎవరు చెబుతారు?

చిన్నపిల్లలయితే, ఒంటి మీద ఎవరి చెయ్యి ఎక్కడ పడకూడదో పేర్లతో సహా చెప్పాలి. "అమ్మకు చెప్పకు" అని ఎవరన్నా అన్నారంటే అదే అమ్మకు మొదట చెప్పాల్సిన మాటని నేర్పాలి. ఫలానా మామయ్య వస్తే లోపల దాక్కునే పిల్లను "మర్యాద లేదు, వచ్చి ముద్దు పెట్టు" అని లాక్కురావద్దు. మామయ్య నొచ్చుకుంటే నొచ్చుకోనీ. మగపిల్లలకూ ఇవన్నీ వర్తిస్తాయి. పోక్సో చట్టం 2012లో వచ్చినప్పటి నుంచీ ఆడా మగా తేడా లేకుండా 18 ఏళ్లలోపు అందరికీ రక్షణ ఉంది. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని తెలిసినవాళ్లు చెప్పి తీరాలి, దాచడం నేరం. సంఘం పరువు, బడి పరువు, ఇంటి పరువు అన్నవి ఆ చట్టం ముందు లెక్కలోకి రావు. హైదరాబాద్‌లో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది. అక్కడ పిల్లల వాంగ్మూలం, వైద్యం, కౌన్సెలింగ్ ఒకేచోట జరుగుతాయి. బిడ్డను స్టేషన్ల చుట్టూ తిప్పాలేమోనన్న భయంతో ఆగిపోవద్దు.

అన్నిటికన్నా కష్టమైనది ఇంటికి తిరిగి వచ్చిన బిడ్డ సంగతి. దీని మీద హోముల్లో పనిచేసే అక్కలకు తెలిసినంత మనకు తెలియదు. సినిమాల్లో చూపించినట్టు, కాపాడి తెచ్చిన పిల్ల కాళ్లకు మొక్కదు. చాలామంది మొదట అబద్ధం చెబుతారు, పేరు మార్చి చెబుతారు, వయసు ఎక్కువ చెబుతారు, తమను అమ్మిన మనిషి దగ్గరికే వెళ్తామని ఏడుస్తారు. వాడు కొట్టాడు, నిజమే, కానీ జ్వరం వస్తే మందు తెచ్చిందీ వాడే. కొందరు రొట్టెముక్కలు తలగడ కింద దాచుకుంటారు. పదమూడేళ్ల పిల్ల పక్క తడుపుతుంది. వెనక నుంచి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి తిరగబడుతుంది. వీటిలో ఏదీ చెడ్డతనం కాదు. తెలిసినవాళ్లు ముందు చేసేది చాలా చిన్న పని. వేళకు అన్నం పెడతారు. రోజూ ఒకే వేళకు, అడగకుండా, రెండోసారి వడ్డిస్తూ. తలుపు తట్టి లోపలికి వెళ్తారు. ముట్టుకునేముందు అడుగుతారు. ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగరు. చెప్పాలనుకున్న రోజున తనే చెబుతుంది, సగం చెప్పి ఆగిపోతుంది, ఆ సగంతోనే సరిపెట్టుకుంటారు.

మీ ఇంటికి అలాంటి బిడ్డ తిరిగొస్తే "ఎందుకు వెళ్లావే?" అని అడక్కండి. ఆ ప్రశ్నలో తప్పు తనదే అన్న జవాబు ముందే ఉంది. ఊరి నోరు మూయించడానికి హడావుడిగా పెళ్లి చేయకండి. 18 నిండని పెళ్లి నేరమన్నది ఒక సంగతైతే, ఒక ఉచ్చులోంచి బయటపడ్డ పిల్లను ఎవరో తెలియని ఇంటికి మళ్లీ పంపడం ఇంకో సంగతి. చుట్టాలకు ఏం చెప్పాలో ఇంట్లో అందరూ ఒక మాట అనుకోండి, అది పొట్టిగా ఉండాలి. "అక్క దగ్గర ఉండి వచ్చింది" చాలు. బడిలో వయసుకు తగ్గ తరగతి దొరక్కపోతే ఓపెన్ స్కూల్ ద్వారా పది రాయించొచ్చు. కోపం వస్తుంది మీకు. వచ్చినప్పుడు బయటికి వెళ్లి నడిచి రండి. బిడ్డను పంపింది మనమే కదా అన్న బాధ తండ్రుల్ని ఎక్కువగా తినేస్తుంది, తాగుడులోకి తోస్తుంది. కౌన్సెలర్ బిడ్డకే కాదు, తండ్రికీ కావాలి. అది అడిగి మరీ తీసుకోండి.

ఇక సంఘాల్లో ఉండే పెద్దలకు ఒక విన్నపం. అలాంటి పిల్లను వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించొద్దు. కానుకలు బాగా వస్తాయి, కన్నీళ్లూ వస్తాయి. ఆ పిల్ల మర్నాడు అదే వీధిలో పాలప్యాకెట్టుకు వెళ్లాలి. ఏమీ కార్మైకేల్ రోజుల్లో పిల్లల ఫోటోలు పుస్తకాల్లో అచ్చువేశారు, 1909లో వచ్చిన ఆమె పుస్తకం లోటస్ బడ్స్ నిండా అవే. ఆ కాలం వేరు. ఇప్పుడు జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాధిత పిల్లల పేరు, ఫోటో, బడి, ఊరు ఏదీ బయటపెట్టకూడదు. ముఖం మీద చిన్న ఎమోజీ అతికించి ఫేస్‌బుక్‌లో పెట్టినా అది ఆ పిల్లే.

మీ బాబు పుట్టినరోజుకు హోముకు వెళ్లి కేకు కోయించే అలవాటుంటే దాన్ని మానమని అనను, కాస్త మార్చుకోమంటాను. వరసగా కూర్చోబెట్టి బిర్యానీ పంచి సెల్ఫీ తీసుకుంటే అక్కడి పిల్లలకు తాము ఎవరో మరోసారి గుర్తొస్తుంది. మీ బాబుకూ దానం చేసే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుందని అనిపిస్తుంది. ముందురోజు ఫోన్ చేసి ఏం కావాలని అడగండి. శానిటరీ ప్యాడ్లు, కొత్త లోదుస్తులు, చలికాలానికి స్వెట్టర్లు, పళ్ల డాక్టరు. ఇంకా కావాలంటే, వారంలో రెండు సాయంత్రాలు వచ్చి ఎనిమిదో తరగతి నుంచి పది దాకా లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవాళ్లు. పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు, రెండు మూడు వారాలు ఆగమంటారు. ఆగండి. లెక్కల మేష్టారు ఒక ఏడాది పాటు మధ్యలో మానకుండా వస్తే చాలు, అంతకుమించి అడిగే హోములు అరుదు.